పెద్ద గుమ్మడి: తొడిమ పగులు, మొదట్లో నురగ, రోజూ చాకిరీ. ఏది మానొచ్చు, ఏది మానకూడదు?

కళ్యాణదుర్గం ఎర్రనేల (ప్రశ్న)

అన్నలందరికీ నమస్తే. అట్లాంటిక్ జెయింట్ అనే పెద్ద గుమ్మడి విత్తనం, ఒకటే పాదు, సెంటున్నర జాగా. ఎర్రనేల, అడుగున్నర కింద గరుసు. విత్తింది సెప్టెంబరు మొదట్లో. పెద్దతీగ మీద పన్నెండో అడుగు దగ్గర కట్టిన పిందెను ఉంచి, మిగతావి తుంచేసినాము. ఇప్పుడు నెల కాయ, నడుము చుట్టుకొలత 70 అంగుళాలు. డ్రిప్పు ఉండాది, బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ.

ఇబ్బందులు ఒకదాని మీద ఒకటి వస్తాండాయి. తొడిమ కాయను కలిసేచోట నిలువుగా వేలెడు పొడుగు పగులు, లోతు పావు అంగుళం ఉంటుందేమో, తడి లేదు. పాదు మొదట్లో, అంటే మొలక లేచిన చోటే, తెల్లటి నురగ పొంగుతాంది, పులిసిన కల్లు వాసన. ముదురు ఆకుల మీద బూడిద తెగులు మొదలైంది. కాయ భుజం లేచి తీగను పైకి నెడుతోంది, తీగ బిర్రుగా ఉంది.

ఇంకోటి. పొద్దున పూలకు పుప్పొడి అద్దడం, మధ్యాహ్నం పిల్లతీగలు గిల్లడం, మాపటేల కణుపులకు మట్టి కప్పడం, రాత్రి పందుల కాపలా. గుమ్మడికాయ దగ్గర జీతానికి కుదిరినారా అని ఇంట్లో అడుగుతాండారు. ఈ చాకిరీలో ఏది ఆపినా ఫరవాలేదు, ఏది ఆపితే కాయ పోతుంది? బూడిద తెగులుకు గంధకం పొడి ఇంట్లో ఉంది, కొట్టేయచ్చా?

ఆదోని నల్లరేగడి

తీగ బిర్రుగా ఉందన్నావే, ఈరోజే దాని సంగతి చూడు తమ్ముడూ. మిగతావి రేపు చూసుకున్నా నష్టం లేదు.

కాయ ఊరేకొద్దీ భుజాలు పైకి లేస్తాయి, వాటితోపాటు తొడిమా లేస్తుంది. తీగ మాత్రం ప్రతి కణుపు దగ్గరా వేరు దించి నేలను పట్టుకొని ఉంటుంది. కాయ ఎత్తుతుంది, వేర్లు లాగుతాయి, మధ్యలో తెగేది తొడిమ. నీకొచ్చిన నిలువు పగులు ఆ లాగుడు గుర్తే. కాబట్టి కాయకు అటు మూడడుగులు, ఇటు మూడడుగులు తీగ కింద వేర్లు కోసేయాలి. వేళ్లతో మట్టి తవ్వి, తీగకు ఆనుకోకుండా చిన్న కత్తితో ఒక్కో వేరూ తెంపు, పీకొద్దు. పీకితే కణుపు చీలుతుంది. ఆ నాలుగైదు కణుపుల వేర్లు పోయినా మిగతా తీగల వేర్లు కాయను సాకుతాయి.

వేళ కూడా ముఖ్యం. పొద్దున తీగ నీళ్లు నిండి గట్టిగా ఉంటుంది, వంచితే పటుక్కుమంటుంది. మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య కొంచెం వాడినట్టు మెత్తగా ఉంటుంది. అప్పుడే వేర్లు కోసి, తీగను రెండు చేతులతో రెండు మూడంగుళాలు లేపి, కింద మెత్తటి గుడ్డల ఉండ పెట్టు. మూడు రోజులకోసారి ఉండ సైజు పెంచుకుంటూ పో. తొడిమకు కాయ భుజానికి మధ్య వేలు దూరేంత సందు ఎప్పుడూ ఉండాలి. కాయను కదపాలని మాత్రం చూడొద్దు. తొడిమకు తీగ అడ్డంగా ఉండేలా కాయను తిప్పుకొనే పని పిందె కొబ్బరికాయంత ఉన్నప్పుడే, రోజుకు కాస్త కాస్తగా, వారంలో ముగించాలి. 70 అంగుళాల కాయ ఇక నీ మాట వినదు.

పగులు పొడిగా ఉంటే దాన్ని ఆరబెట్టి వదిలేయడమే. పైన కాప్టాన్ (బూజు తెగుళ్ల మందు) పొడిని కొంచెం నీళ్లతో ముద్ద చేసి పాత బ్రష్షుతో రాయి. తేనె, పసుపు, మైనం లాంటివి పెట్టి మూయొద్దు, లోపల చెమ్మ నిలిచి కుళ్లు అక్కడినుంచే పడుతుంది. పగులు లోపలి డొల్లదాకా పోయిందా లేదా అన్నదే అసలు ప్రశ్న. డొల్లకు చిల్లు పడిన కాయ నిలవదు, బయటి దేశాల పోటీల్లో అలాంటిదాన్ని బహుమతికి లెక్కలోకి తీసుకోరు. పావు అంగుళం అంటే పై కండ దాటలేదు.

ఇక నురగ. మొదలు దగ్గర తీగ లావెక్కి చీలుతుంది, చీలికలో నీరు నిలిచి బాక్టీరియా చేరి పులుస్తుంది. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ పాదు దీంతో చచ్చేది తక్కువ. ఇంతవరకు కణుపులకు మట్టి కప్పినావు కదా, ఆ వేర్లే ఇప్పుడు చెట్టును మోస్తాండాయి. మొదలు పూర్తిగా పోయినా కాయ ఊరడం ఆగకపోవచ్చు. కుళ్లు తీగలోకి పాకకుండా ఆపడమే నీ పని.

ముక్కుకు గుడ్డ కట్టుకొని కూర్చో. మొదలు చుట్టూ మట్టి గిన్నెలా తీసెయ్, తడి ఆరాలి. చెంచాతో మెత్తబడిన కండనంతా గీకు, గట్టి పచ్చటి కండ తగిలేదాకా. పల్లం వైపు చిన్న గాడి కోస్తే లోపలి రసం కారిపోతుంది, ఈ గాడి లేకపోతే ఎంత గీకినా మళ్లీ నిండుతుంది. బట్టల బ్లీచు ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు కలిపి తుడిచి, ఆరినాక కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద పూయి. ఆరడానికి గాలి కావాలి. పాత కంప్యూటర్‌లోని చిన్న ఫ్యాను 12 వోల్టులదే, స్ప్రేయర్ బ్యాటరీ కూడా 12 వోల్టులే. రెండూ కలిపి మొదలు వైపు తిప్పి పెట్టు. 8 యాంపియర్-అవర్ బ్యాటరీ మీద ఫ్యాను ఒక పగలు, ఒక రాత్రి హాయిగా తిరుగుతుంది. గీకిన ముద్దను పాదులో పారేయకుండా తట్టలో ఎత్తి దూరంగా పూడ్చు. కత్తి, చెంచా బ్లీచు నీళ్లలో ముంచకుండా వేరే తీగ మీద పెట్టొద్దు.

ప్రొద్దుటూరు పాదులు

గంధకం కొట్టొద్దు. మళ్లీ చెప్తున్నా, కొట్టొద్దు. గుమ్మడి, దోస, కాకర జాతికి గంధకం మందులు పడవు, ఎండలో ఆకులు మాడిపోతాయి. చల్లటి దేశాల్లో పెద్ద గుమ్మడికి వాడినట్టు చదివి ఇక్కడ ఎత్తుకుంటే, 33 డిగ్రీల ఎండలో బూడిద తెగులు పోయేలోపల ఆకే పోతుంది. హెక్సాకోనజోల్ 5 శాతం మందు లీటరుకు 2 మి.లీ., ఆకు కింద కూడా తడిసేలా, సాయంత్రం తేనెటీగలు గూటికి పోయినాక కొట్టు. పది రోజులకు మళ్లీ కొట్టాల్సి వస్తే మందు మార్చు, అదే మందు తిప్పి తిప్పి కొడితే పనిచేయడం మానేస్తుంది.

బూడిద పట్టిన ఆకులన్నీ కోసేద్దామని చేయి జిలపెడుతుంది, అదొక పొరపాటు పని. గుమ్మడి ఆకు కాడ గొట్టంలా డొల్ల. మధ్యలో కోస్తే నిలబడిన గొట్టంలోకి మంచు, డ్రిప్పు తుంపర చేరి కుళ్లు కణుపులోకి దిగుతుంది. సగం పచ్చగా ఉన్న ఆకు కూడా కాయకు తిండి పెడుతుంది, ఉంచు. పూర్తిగా ఎండినదాన్నే, పొడి పూట, కణుపు దగ్గరికి కోసేయ్.

ఆదోని అన్న చెప్పని సంగతి నీళ్లు. తొడిమ పగులుకు సగం కారణం తీగ లాగుడైతే, మిగతా సగం నీళ్ల తేడా. మూడు ఫేజుల కరెంటు వచ్చిన పూట దండిగా పారించి, మోటారు కాలిందనో ట్రాన్స్‌ఫార్మర్ పోయిందనో రెండు రోజులు ఎండగట్టి, మళ్లీ ఒక్కసారిగా నింపితే తోలు గట్టిబడి ఉన్న కాయలోకి నీరు దూసుకొస్తుంది. పగుళ్లు అప్పుడే పడతాయి, అవీ రాత్రిపూట, ఆకులు నీళ్లు వదలని వేళ. లెక్క వేసుకో: సెంటున్నర అంటే సుమారు 60 చదరపు మీటర్లు. ఈ చలికాలంలో నిండుగా ఆకు ఉన్న పాదుకు రోజుకు 5 మి.మీ. తడి వేసుకున్నా 300 లీటర్లు. 500 లీటర్ల సింటెక్స్ ట్యాంకు గెనెం (గట్టు) మీద ఎత్తులో పెట్టి, కరెంటు ఉన్నప్పుడు నింపుకొని, వాలు మీద డ్రిప్పుకు వదులు. పొద్దున రెండు వంతులు, మధ్యాహ్నం ఒక వంతు. రాత్రి నీళ్లు వద్దు. ఎర్రనేల కాబట్టి రోజూ పెట్టాలి. ఆదోని నల్లరేగడిలో అయితే రెండు మూడు రోజులకోసారి చాలు, అక్కడ ఊట నిలిచి వేరు ఉక్కిరిబిక్కిరి కావడమే బాధ.

ఉప్పు నీళ్లన్నావు కాబట్టి ఎర్ర పొటాష్ వేయొద్దు, అందులో క్లోరైడు. పొటాష్ కావాలంటే సల్ఫేట్ ఆఫ్ పొటాష్. యూరియా ఈ దశలో పూర్తిగా బంద్. యూరియా పడితే తీగ, ఆకు దూసుకుపోతాయి, కాయ కండ మెత్తబడి చీలుతుంది.

పండు ఈగ గురించి నువ్వు అడగలేదు. నెల కాయకు తోలు ముదిరింది కాబట్టి చాలావరకు గండం గడిచింది, కానీ తొడిమ పగులుంది చూడు, ఈగకు అది తెరిచిన తలుపు. ఈగలను వాసనతో లాగే క్యూ ల్యూర్ బుట్ట కట్టినాను కదా అని కూర్చోవద్దు, ఆ వాసనకు వచ్చేది మగ ఈగలే. గుడ్లు పెట్టేది ఆడది. లీటరు నీళ్లలో 100 గ్రాముల బెల్లం, 10 మి.లీ. మలాథియాన్ కలిపి మట్టి ప్రమిదల్లో పోసి పాదు అంచుల్లో పెట్టు, వారానికోసారి మార్చు. కుక్కలు, కోళ్లు తాకకుండా చూసుకో. పగులు మీద పలుచటి నైలాన్ నెట్ ముక్క వదులుగా కప్పు.

పులివెందుల తోట

ఇంత అవస్థ ఎందుకప్పా? మన నాటు గుమ్మడి విత్తనం గట్టు మీద పడేస్తే పది పదిహేను కిలోల కాయ ఊరికే వస్తుంది, తీపి కూడా బాగుంటుంది. ఆ పరాయి దేశం సీమ గుమ్మడి కూరకు కూడా పనికిరాదు, నీళ్ల పులుసు.

ప్రొద్దుటూరు పాదులు

కూరకైతే నీ మాటే రైటన్నా. మన నాటు గుమ్మడి చాలావరకు మస్కటా జాతి. దాని తొడిమ అయిదు పలకలతో కట్టెలా గట్టిగా, కాయ దగ్గర విచ్చుకొని ఉంటుంది. ఎండకు తట్టుకుంటుంది, తొడిమ సులువుగా చీలదు. అట్లాంటిక్ జెయింట్ మాక్సిమా జాతి. తొడిమ గుండ్రంగా, బెండులా మెత్తగా ఊరుతుంది, అందుకే ఈ పగుళ్లూ నురగలూ. కెనడాలోని నోవా స్కోషియాలో హోవార్డ్ డిల్ ఏళ్ల తరబడి ఏరి ఏరి తీసిన రకం అది, చల్లటి రాత్రులకు అలవాటు పడింది. 2023లో కాలిఫోర్నియా హాఫ్ మూన్ బే పోటీలో తూగిన కాయ 1,247 కిలోలు, పండించింది మిన్నెసోటాలో. అక్కడ జూన్‌లో పగలు పదిహేను గంటలు. మనకు డిసెంబరులో పదకొండు గంటల పైచిలుకు. కాబట్టి అనంతపురంలో వంద కిలోలు దాటినా చిన్న సంగతేం కాదు.

వేసవికి విత్తి చూద్దామనుకునేవాళ్లకు ఒక ముక్క: ఫిబ్రవరిలో పెడితే ఏప్రిల్ ఎండలో పూత వస్తుంది. అప్పుడు మగపూలు కుప్పలుగా వస్తాయి, పిందెలు పసుపెక్కి రాలిపోతాయి. ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో విత్తడమే అనంతపురం, కర్నూలు వైపు కుదురుతుంది. కడప వైపు అక్టోబరు, నవంబరు తుపాను వానలు పిందె దశలో తగలకుండా ఇంకో నెల ఆలస్యంగా విత్తుకోవాలి.

కళ్యాణదుర్గం ఎర్రనేల

శానా థ్యాంక్సన్నా. తీగ కింద వేర్లు కోసినాము, రెండంగుళాలు లేచింది. మొదలు గీకితే అరచేతి లోతు పోయింది, కింద పచ్చటి కండ తగిలింది. ఇంకో అనుమానం. కాయ కింద బేతంచెర్ల బండ పరిచి పెట్టినాము, నేల తగలకుండా. ఈరోజు చేయి పెట్టి చూస్తే కింద చెమ్మగా, జిగటగా ఉంది. బండ తీసేయాలంటే కాయను ఎత్తాలి. చాకిరీ సంగతి ఎవురూ చెప్పలేదు.

బేతంచెర్ల గట్టు

మా ఊరి బండకు చెడ్డపేరు తెచ్చినావు కదప్పా! బండ పగలు కాగుతుంది, రాత్రి చల్లబడి కింద చెమట పడుతుంది, నున్నగా ఉంటుంది కాబట్టి ఆ నీరు ఎటూ పోదు. కాయ అడుగు ఆ చెమ్మలోనే కూర్చొని ఉంటుంది. కట్టె పలక అయితే ఎర్రనేలలో చెదలు వారంలో ఎక్కుతాయి, వరిగడ్డి పరిస్తే చెదలతోపాటు ఎలుకలు కూడా చేరతాయి. పిందె దశలోనే నాలుగంగుళాల దొడ్డు ఇసుక, దాని మీద కన్నాలున్న పాత కన్వేయర్ బెల్టు ముక్క గానీ రెండు మడతల షేడ్‌నెట్ గానీ పరచాల్సింది. ఇసుక నీటిని కిందికి దించుతుంది, నెట్ మీద కాయ పెరిగేటప్పుడు జారుతుంది.

ఇప్పుడు కాయను ఎత్తొద్దు, తొడిమ తెగుతుంది. బండ ఒక్కటే పెద్దదా, ముక్కలా? ముక్కలైతే తొడిమకు ఎదురు వైపునుంచి ఒక్కో ముక్క కింద మట్టి తవ్వి, ముక్కను కిందికి దించి బయటికి లాగి, ఆ ఖాళీలో వెంటనే పొడి ఇసుక కూరు. ఒక రోజుకు ఒక ముక్కే. ఒకే బండ అయితే దాని జోలికి పోకు. అంచుల చుట్టూ జానెడు లోతు కాలువ తీసి డ్రిప్పు లేటరల్ (సన్న పైపు) దూరం జరుపు, పొడి గుడ్డ చుట్టిన పలుచటి బద్దతో కింద జిగట తుడువు, ఆ స్ప్రేయర్ బ్యాటరీ ఫ్యానును రాత్రిపూట ఇటు తిప్పు. వేలితో నొక్కితే దిగబడే మెత్తటి మచ్చ ఉందేమో చూడు. రూపాయి బిళ్లంత ఉంటే గీకి, బ్లీచు నీళ్లతో తుడిచి, కాప్టాన్ అద్దితే ఆగొచ్చు. అరచేయంత ఉంటే ఆశ పెట్టుకోవద్దు.

జిగటలో సన్నటి తెల్లటి పురుగులు కనిపిస్తే అవి ఎర్ర పెంకు పురుగు పిల్లలు కావొచ్చు. పెద్దవి ఆకు తింటాయి, పిల్లలు మట్టిలో ఉండి వేరునూ, నేలకు తగిలిన కాయ అడుగునూ తొలుస్తాయి. పెద్ద పెంకు పురుగులను పొద్దున ఆరు గంటలప్పుడు, చలికి బిగుసుకొని ఎగరలేక ఉన్నప్పుడు, సబ్బు నీళ్ల డబ్బాలోకి దులపడమే మేలైన పని. ఎండెక్కినాక ఒక్కటి కూడా చేతికి దొరకదు.

ఇక చాకిరీ. పొద్దున పూల పని ఆపేయ్, కాయ నిలిచినాక మగపువ్వుతో నీకు పని లేదు. కొత్త పిందెలు వస్తుంటాయి, వారానికి రెండుసార్లు తిరిగి తుంచితే చాలు. కసువు (కలుపు) తీయడం కూడా ఆపు, ఆకు కమ్మినచోట అది లేవదు, నువ్వు లోపలికి అడుగుపెడితే తొక్కిన తీగలే ఎక్కువ. పెద్దతీగ, పక్కతీగలు గెనెం దాకా వచ్చుంటే కొనలు తుంచి వేలెడు లోతులో పూడ్చెయ్, దాంతో కణుపుల మట్టి పని చాలావరకు తీరిపోతుంది. నడుములు విరిగేది ఆ పనితోనే. పిల్లతీగలు రోజూ వద్దు, మూడు రోజులకోసారి, జానెడు దాటకముందే గిల్లు. జానెడు దాటితే కత్తెర కావాలి, గాయం పెద్దదవుతుంది.

మానకూడనివి చెప్తాను. మాపటేల తొడిమ సందులో వేలు పెట్టి చూడటం. కాయ అడుగు చుట్టూ చేయి తిప్పి వాసన చూడటం. నీళ్ల వేళ తప్పకపోవడం. కాయకు నీడ. నీడ విషయం ఎవరూ రాయలేదు, మన ఎండకు అదే ముఖ్యం. ఎండ తగిలిన తోలు ముందే ముదిరి సాగదు, లోపల కండ ఊరుతుంటే చీలుతుంది. కాయకు రెండడుగుల ఎత్తులో నాలుగు గుంజలు పాతి 50 శాతం షేడ్‌నెట్ కట్టు, మధ్యాహ్నం కాయ మీద తెల్ల పంచె వదులుగా కప్పి సాయంత్రం తీసేయ్. పాలిథీన్ పట్ట కప్పితే ఉడికిపోతుంది.

టైలరు టేపుతో రోజూ ఒకే ఎత్తులో చుట్టుకొలత రాసుకో, రెండు నిమిషాల పని. ఊపు మీదున్న రోజుల్లో ఆ దేశాల కాయలు రోజుకు పదిహేను, ఇరవై కిలోలు పెరుగుతాయి, మనవి అంత పెరగవు గానీ గీత పైకే పోవాలి. నీళ్లు సరిగా ఉండి కూడా రెండు రోజులు టేపు కదలకపోతే, ఆకులు పచ్చగా ఉన్నా సరే, తొడిమలోనో అడుగులోనో కుళ్లు పట్టినట్టే. వెతుకు. మిట్టమధ్యాహ్నం ఆకు వాలడం మామూలే. మాపటికి లేవకపోతే ఒక వేరు తవ్వి చూడు, ముడులు ముడులుగా ఉంటే నులిపురుగు. ఈ పంటకు ఇక చేసేదేం లేదు, వచ్చేసారి ఆ జాగా మార్చి గుంతకు కిలో వేపపిండి వేయి.

ఆదోని నల్లరేగడి

కాపలా మాట మిగిలింది. పందులు తీగ తొక్కుతాయి, ఏదుపంది మాత్రం నేరుగా కాయకే వస్తుంది, ఒక్క రాత్రిలో బొక్క పెడుతుంది. చుట్టూ పాత చీరలు కడితే పంది కొన్నాళ్లు జంకుతుంది, ఏదుపందికి చీర లెక్కే కాదు. కాయ చుట్టూ మాత్రం మూడడుగుల ఎత్తు వెల్డ్‌మెష్, అడుగు భాగం అర అడుగు మట్టిలోకి దింపి కట్టు, రాత్రి నిద్రపోవచ్చు. మోటారు లైను నుంచి కంచెకు కరెంటు పెట్టే ఆలోచన ఎవరు చెప్పినా వినొద్దు, మనుషులు చస్తారు, కేసు కూడా అవుతుంది.

కోసే రోజు కోసం ఇప్పుడే ఆలోచించుకో. తొడిమకు అటూ ఇటూ తీగను జానెడు ఉంచి రంపంతో కోయాలి. తొడిమ పట్టుకొని ఎవ్వరూ ఎత్తకూడదు. వంద కిలోల లోపైతే మందపాటి టార్పాలిన్ కిందికి తోసి ఆరుగురు మూలలు పట్టుకుంటే చాలు. అంతకు మించితే మూడు గుంజల ముక్కాలి, చైన్ బ్లాకు, కాయ అడుగు చుట్టూ తాడు వలయం, దానికి ఎనిమిది పట్టీలు. జేసీబీ బకెట్‌తో నేరుగా తోసి ఎత్తితే పళ్లు దిగుతాయి, పట్టీలు బకెట్‌కు తగిలించి ఎత్తాలి. లారీల వేబ్రిడ్జి అయిదు, పది కిలోల తేడాను లెక్క చేయదు. మార్కెట్ యార్డులో ప్లాట్‌ఫారం కాటా మీద తూయించు.

అడుగు మచ్చ పెద్దదై కాయ పోయిందనుకో, అక్కడే వదిలేయొద్దు. రెండు మూడు రోజుల్లో లోపల నీరై కూలిపోతుంది, ఆ నీళ్లు పాదులోకి దిగితే ఈగలు, కంపు పక్కపొలం దాకా. ఇంకా గట్టిగా ఉండగానే పారతో నాలుగు ముక్కలు చేసి, కుళ్లని కండను పిడికిలి కన్నా చిన్న ముక్కలుగా కోసి పశువులకు వేయి. పెద్ద ముక్కలైతే గొంతుకు అడ్డం పడతాయి. ఈ మధ్య మందు కొట్టినట్టయితే అదీ వద్దు. కుళ్లినదాన్ని రెండడుగుల గుంతలో వేసి పైన గుప్పెళ్లతో సున్నం చల్లి పూడ్చు. విత్తనాలు ముందే తీసి కడిగి నీడలో ఆరబెట్టుకో. దగ్గర్లో వేరే సీమ గుమ్మడి ఏదీ పూయకపోయి, ఆడపువ్వును ముందురోజు మాపటికే దారంతో కట్టి చేత్తో పుప్పొడి అద్దినదైతేనే ఆ విత్తనం వచ్చే ఏటికి నమ్మకం.